చిన్నమ్మను లేపని మధ్యాహ్నం

నిద్రపోతున్న మనిషిని లేపడం ప్రేమా, లేపకపోవడం ప్రేమా? ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది. మొన్న మంగళవారం మిర్యాలగూడలో మా చిన్నమ్మ పోయాక ఇంకా గట్టిగా పట్టుకుంది.

అమ్మ లేని నన్ను పెంచింది ఈ చిన్నమ్మే, అమ్మ చెల్లెలు. దవాఖానలో నర్సు. పగలు నాకు వండిపెట్టాలని రాత్రి డ్యూటీలే అడిగి వేయించుకునేది. పొద్దున వచ్చి, కిటికీకి పాత దుప్పటి కట్టి పడుకునేది. మా ఇండ్లలో చుట్టం గడప తొక్కాక ఇంటామె పడుకొని ఉండకూడదు. సెలవు రోజుల్లో లేపే పని నాది. "చిన్నమ్మా, త్రిపురారమోళ్లు వచ్చిన్రు" అంటే చాలు, కండ్లు పూర్తిగా తెరవకముందే చాయ పెట్టేది. "మన కోసం మనిషొస్తే పండుకొని ఉంటమా?" అనేది.

తర్వాత నేను జంతుశాస్త్రం చదివి సూర్యాపేటలో లెక్చరర్‌నయ్యాను. నిద్ర పాఠం ఏటా చెబుతాను. చీకటి పడ్డాక నిద్ర తెచ్చే మెలటోనిన్ పెరుగుతుంది. తొలి గంటల గాఢనిద్రలో గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలవుతుంది. పెద్దవాళ్లకైనా ఒంటి మరమ్మతుకు అది కావాలి. ఒంటిని మెలకువకు సిద్ధం చేసే కార్టిసాల్ అప్పుడు అడుగున ఉండి, కలల నిద్ర ఎక్కువయ్యే తెల్లవారుజాముకు పైకి లేస్తుంది. పొద్దున పడుకునేవాళ్లకు ఇదంతా ఎదురు తిరుగుతుంది, నిద్ర పలచనవుతుంది. బోర్డు మీద ఆ గీతలు గీసినప్పుడల్లా, ఆ కాస్త గాఢనిద్రలోంచి నేను లేపిన మనిషి గుర్తొచ్చేది.

ఒకసారి ఆమెకే చెప్పాను. సాంతం విని, "నువ్వు పాఠం చెప్తుంటే మస్తు నిద్రొస్తదే. ఇంక జర చెప్పు" అంది.

"నా వల్లనే నీ ఒళ్లు పాడైంది, చిన్నమ్మా."

"నా మోకాళ్ల నొప్పులు గూడ నీ వల్లనే అని రాసుకో."

గుండె బలహీనపడి ఆమె దవాఖానలో ఉండగా, సోమవారం మధ్యాహ్నం కోదాడ నుంచి మామయ్య వచ్చాడు. ఆమెకు ఒక్కడే తమ్ముడు. ఇద్దరికీ ఏళ్లుగా మాటల్లేవు. చాలా రోజుల తర్వాత అప్పుడే ఆమెకు మంచి నిద్ర పట్టింది.

"లేపకు మామయ్యా. ఇప్పుడామెకు నిద్రే మందు."

"ఒక్క మాట మాట్లాడి వెళ్తానమ్మా."

"రేపు మాట్లాడుదువులే."

ఆయన చాలాసేపు కూర్చుని బస్సుకు లేచాడు.

సాయంత్రం ఆమె కళ్లు తెరిచాక చెప్పాను. "జర లేపకపోతివి బిడ్డా" అంది. నా ముఖం చూసి, "పోనియ్ తీ, రేపొస్తడు గద" అని నన్నే ఓదార్చింది. తెల్లారకముందే పోయింది.

ఆ మధ్యాహ్నం వెళ్లేముందు మామయ్య ఆమె పాదం దాకా చెయ్యి చాపి, మెలకువ వస్తుందేమోనని వెనక్కి తీసుకున్నాడు. ఆ చెయ్యి నా కళ్లలోంచి పోవడం లేదు. ఆ నిద్రను ఆమె కోసమే కాపాడానా, చిన్నప్పుడు పాడుచేసిన నిద్రలకు బదులుగా నా మనసు తేలిక చేసుకున్నానా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.