చిలకతో మాట్లాడిన మా బావ

పోయిన ఆదివారం చర్చికి బయలుదేరుతుంటే అక్క ఫోన్ చేసింది. "ఇవాళ ఇటే వచ్చేయరా. మీ బావ వెళ్ళిపోయారు" అంది. పిస్కాటవేలోనే మా రెండిళ్ళూ. కారులో ఆరు నిమిషాల దారి. ఆ రోజు ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు.

మా బావ కృష్ణా జిల్లాలో పశువుల డాక్టరు. ఈ దేశం వచ్చాక ఆ చదువు చెల్లలేదు. పరీక్ష రాయమన్నారు, రాశాడు, మళ్ళీ రాయమన్నారు. చివరికి 1979లో ప్యూర్టో రికో దీవిలో, కొండమీది వానల అడవిలో, చిలకల్ని కాపాడే కేంద్రంలో సహాయకుడిగా చేరాడు. ఆస్పత్రి ఉద్యోగం వదల్లేక అక్క ఇక్కడే ఉండిపోయింది. ఆ రకం చిలక ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క దీవిలోనే ఉంది. అప్పటికి అడవిలో మిగిలినవాటిని మన చర్చి బస్సులో సీటుకొకటి చొప్పున కూర్చోబెడితే ఇంకా సీట్లు మిగిలేవి.

1982లో బావని చూడ్డానికి వెళ్ళాను. వెళ్ళేముందు లైబ్రరీలో చిలకల పుస్తకాలన్నీ తిరగేశాను. నేను బడి మానేసినవాణ్ణి, అందుకని పుస్తకం చదివితే ఎవరికో ఒకరికి ఒప్పజెప్పకుండా ఉండలేను. కొండెక్కుతున్నంతసేపూ ఆయనకే ఒప్పజెప్పాను.

"చెప్పరా, చెప్పు. పొద్దున్నుంచీ నోరు మూసుకుని పనిచేశాను, మనిషి మాట వింటుంటే హాయిగా ఉంది" అన్నాడు.

అడవిలోకి వదలబోయే చిలక పిల్లల దగ్గర ఎవరూ మాట్లాడకూడదు. అక్కడి మొదటి నియమం అదే. మా బావ తప్పిందీ దాన్నే.

అంతకుముందు ఏడాది, చర్మం కింద ఈగపురుగులు దూరిన పిల్లనొకదాన్ని గూట్లోంచి తెచ్చారు. ఆయన పట్టకారుతో ఒక్కొక్క పురుగునీ లాగి, కట్టుకట్టి, గొట్టంతో మేత పెట్టి బతికించాడు. "ముట్టుకునేముందు పలకరించాలిరా. లేకపోతే మన చెయ్యి కూడా దానికి దెబ్బే" అనేవాడు. ఊళ్ళో గేదెల దగ్గర పాతికేళ్ళు చేసిన అలవాటు. పెదవి కదపకుండా, ఎవరికీ వినపడకుండా, "బెదరకమ్మా, బెదరకు" అనేవాడట. రోజుకి నాలుగుసార్లు, నెలల తరబడి.

వదిలే రోజు వచ్చింది. పై అధికారిణి పంజరం గడియ తీసి తలుపు మీద చెయ్యి వేసింది. లోపలి నుంచి చిలక "బెదరకమ్మా" అంది.

"వాట్ లాంగ్వేజ్ ఈజ్ దట్?" అందావిడ.

"తెలుగు, మేడం" అన్నాడు బావ.

ఆవిడ తలుపు గడియ మళ్ళీ వేసింది. మనిషి గొంతుకి బెదరని చిలక అడవిలో ఎన్నాళ్ళుంటుంది? పైగా మిగతావాటికీ నేర్పుతుంది.

ఇదంతా ఆ పంజరం ముందు నిలబడే చెప్పాడు. పచ్చటి పిట్ట, నుదుట ఎర్రటి మచ్చ, కళ్ళచుట్టూ తెల్లటి వలయాలు. నేను ఊరుకోక, "మన పిల్లలకి రాని తెలుగు నీ చిలకకి వచ్చింది కదా బావా!" అన్నాను.

"నవ్వకురా. దానికి ఆకాశం పోయింది" అన్నాడు.

పెద్దదయ్యాక అది గుడ్లు పెట్టింది. ఆ పిల్లలకి దాని మాట వినపడకూడదని, గుడ్లు తీసి వేరేజాతి చిలకల కింద పొదిగించి, పిల్లల్ని అడవిగూళ్ళకి చేర్చేవారు. తల్లి బెంగపడకుండా దాని కింద ప్లాస్టర్ గుడ్లు పెట్టేవారు. ఆ గుడ్లు చేసింది మా బావే. ఊపిరితిత్తులు పాడై 1985లో పిస్కాటవే వచ్చేశాక కూడా, గరాజ్‌లో కూర్చుని ఉప్పుకాగితంతో రుద్ది, చెంపకి ఆనించి చూసుకుని, పార్సెల్ చేసేవాడు. గరుకు తగిలితే మళ్ళీ రుద్దేవాడు. "దానికి తెలిసిపోతుందిరా" అనేవాడు.

"ఎన్నిటిని బతికించావు బావా! ఈ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటావేం?" అన్నానోసారి.

"బతికినవి నన్ను తలుచుకోవు, తలుచుకోకూడదు. నా మాట ఉన్నది దీని దగ్గరే" అన్నాడు.

సమాధి కార్యక్రమం అయ్యాక అక్క చెప్తే ఆ దీవికి ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తిన ఆ అధికారిణికి విషయం చెప్పాను. ఈ ఏడాది కూడా ఆ చిలక ఆయన గుడ్ల మీదే కూర్చుని ఉందని చెప్పింది. ఏమైనా అంటోందా అని అడగబోయి ఆగిపోయాను. ఫోన్‌లో ఆవిడ వెనక రేకుల మీద వాన చప్పుడు వినపడింది. ఆ రేకుల కింద, రెక్కలు కొంచెం విప్పి, ఎప్పటికీ పగలని ఆ గుడ్లని కప్పుకుని కూర్చుని ఉంటుంది.