బిస్కెట్ డబ్బా మీది బంగళా

మొన్న కాకినాడలో, మా వీధి చివరి బ్యూటీ పార్లర్లో జుట్టుకు రంగు వేయించుకోవడానికి కూర్చున్నాను. పార్లర్ అమ్మాయి గిన్నెలో రంగు కలపగానే అమోనియా వాసన గుప్పున ముక్కుకు కొట్టింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మండుతోందా ఆంటీ?" అని కంగారుపడింది. "లేదమ్మా, మా బాసు గుర్తొచ్చారు" అన్నాను. ఆ పిల్ల నా నెత్తి వైపోసారి, గిన్నె వైపోసారి అనుమానంగా చూసి మళ్ళీ రంగు కలపడంలో పడింది. ఆ రోజుల్లో డ్రాయింగులకు కాపీలు తీసే యంత్రం అమోనియాతో నడిచేది. దుబాయ్‌లో, నైఫ్ బజారు వెనక సందులో, రెండో అంతస్తులో మా ఆఫీసు. కింద మసాలా దినుసుల కొట్టు, పైన అమోనియా. ఆ రెండు వాసనల మధ్య ఆరేళ్ళు పనిచేశాను. గీత గీయడం నాకు పాలిటెక్నిక్ కాలేజీ నేర్పింది. మిగతాది ఫెన్విక్ గారు నేర్పారు.

డెబ్బైల చివర మాట. మా ఆయన ప్రకాశం అక్కడ ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. పెళ్ళయి వెళ్ళిన నాకు చేతిలో డ్రాఫ్ట్స్‌మన్ డిప్లొమా, ఇంట్లో రెండు గిన్నెలు, బోలెడు ఖాళీ. ఎవరో చెప్తే ఫెన్విక్ గారి ఆఫీసుకు వెళ్ళాను. ఆయన ఇంగ్లీషు ఆర్కిటెక్టు, అరవైకి దగ్గర పడ్డ మనిషి. పైనుంచి మోకాళ్ళ దాకా నిక్కరు, కిందనుంచి మోకాళ్ళ దాకా మేజోళ్ళు, నడుమ ఎండకు కమిలిన రెండు ఎర్రటి మోకాళ్ళు. కింది కొట్టువాడి డబ్బాపాల టీ తాగుతూ, "దీన్ని టీ అనడం నేరం" అంటూ రోజుకు ఐదు కప్పులు తాగేవారు. నా సర్టిఫికెట్లు చూడలేదు. "ఇల్లు గీయమంటే ముందు ఏం గీస్తావు?" అని అడిగారు.

"ముందుభాగం సార్. అందరూ చూసేది అదే కదా."

"ఇంట్లో ఉండేవాళ్ళు దాన్ని ఎప్పుడు చూస్తారు?"

నేను చాలాసేపు ఆలోచించి, "బయటికి వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు సార్" అన్నాను. ఆయన పడీ పడీ నవ్వారు. టీ చొక్కా మీద ఒలికింది. మర్నాటి నుంచి పనిలోకి రమ్మన్నారు.

రెండో ఏడు చలికాలంలో అబూ ఖాలిద్ గారు వచ్చారు. దుబాయ్‌కి గంట దూరంలో ఉన్న ఉమ్ అల్ క్వైన్‌లో నీటి పంపుల వ్యాపారి. కుర్రతనంలో బొంబాయిలో ఉన్నవాడు కాబట్టి నాతో హిందీలో మాట్లాడేవాడు. నన్ను 'ముహందిసా' అని పిలిచేవాడు, అంటే ఇంజనీరమ్మ. నేను దిద్దలేదు. ఆయన సంచిలోంచి ఒక రేకు డబ్బా తీసి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు బల్ల మీద పెట్టాడు. ఇంగ్లీషు బిస్కెట్ల ఖాళీ డబ్బా. మూత మీద పాతకాలపు జమీందారీ బంగళా ఒకటి. ఎర్ర ఇటుక, ఐదు పొగగొట్టాలు, గోడలెక్కిన తీగలు.

"లండన్ ఆస్పత్రిలో నెల రోజులున్నాను. కిడ్నీలో రాళ్ళు. మంచం పక్కన ఈ డబ్బా. నొప్పి వచ్చినప్పుడల్లా ఈ కిటికీలు లెక్కపెట్టేవాణ్ణి. బతికి బయటపడితే ఇదే ఇల్లు కట్టుకుంటానని మొక్కుకున్నాను. ఇదే. ఒక్క కిటికీ తగ్గకూడదు. ఖలాస్."

నేను నవ్వు ఆపుకోలేక పెన్సిలు కింద పడేసుకుని బల్ల కిందికి దూరాను. పైకి లేచేసరికి ఫెన్విక్ గారు భూతద్దం పెట్టుకుని, మా ఆయన స్లైడ్ల మీదికి వంగినట్టు డబ్బా మీదికి వంగి ఉన్నారు. "ఇది ఒకడు కట్టిన ఇల్లు కాదు" అన్నారు. "మధ్యలో హాలు మొదటిది. అప్పట్లో యజమాని, నౌకర్లు, కుక్కలు అందరూ అందులోనే తిని అందులోనే పడుకునేవాళ్ళు. తర్వాత మనవడికి సిగ్గు పుట్టి అటొక రెక్క, ఇటొక రెక్క వేసి పడకగదులు పెట్టాడు. వాడి మనవడికి డబ్బొచ్చి రాతి గుమ్మం పెట్టాడు. ఆ తర్వాతివాడికి డబ్బు పోయి కిటికీ మూశాడు." నిజమే, ఎడమ రెక్కలో ఒక కిటికీ ఇటుకలతో పూడ్చి ఉంది. కిటికీల లెక్కన ఇంటికి పన్ను వేసేవారట ఆ దేశంలో. పన్ను కట్టలేనివాళ్ళు వెలుగు మానుకున్నారు.

అబూ ఖాలిద్ గారు శ్రద్ధగా విన్నాడు. "ఇక్కడ అలాంటి పన్ను లేదు. కానీ ఆ కిటికీ మూసే ఉండాలి. నెల రోజులు దాన్నే చూశాను."

పని మొదలైంది. మా మేస్త్రీ మల్లయ్య జగిత్యాల దగ్గరి పల్లెటూరివాడు, ముప్పై ఏళ్ళ అనుభవం. మొదటి పేచీ ఆ కిటికీ దగ్గరే. "గీ కిటికి కట్టుడెందుకు, కట్టినంక మూసుడెందుకు మేడం? సీదా గోడ వెడితె అయిపాయె గద!" ముందు కమాను కట్టి, తర్వాత పూడిస్తేగానీ నిజంగా మూసినట్టు ఉండదని ఫెన్విక్ గారు పట్టుబట్టారు. నేను పన్ను కథంతా చెప్పాను. మల్లయ్య తన మనుషుల వైపు తిరిగి, "ఇనుండ్రి. ఎన్కట ఇంగ్లండుల కిటికీలకు పన్నేసిండ్రట. గా పన్ను తప్పించుకునెతందుకు మనం గీడ గోడ వెడ్తున్నం. యల్లా, కానియ్యుండ్రి!" అన్నాడు.

అసలు పేచీ తర్వాత వచ్చింది. బొమ్మలో ఎడమ రెక్క గోడ, వయసు మీద పడి, పై వరస మధ్యలో కొంచెం కుంగి ఉంది. అబూ ఖాలిద్ గారికి ఆ కుంగూ కావాలి. నేను అడుగడుక్కీ కొలతలు వేసి ఆ వంపు గీసిచ్చాను. మల్లయ్య డ్రాయింగు చూసి, మడిచి, నా చేతిలో పెట్టాడు. "ముప్పయ్యేండ్ల సంది కడ్తున్న. నా గోడ గింతంత వంగిందని ఎవ్వడన్న అన్నడా? నా చేత్తోని వంకర కట్ట. ఊర్ల తెలిస్తె నవ్వుతరు." అని తాపీ కింద పెట్టి, వెళ్ళి నీడలో కూర్చున్నాడు. రెండు రోజులు పని ఆగింది.

మూడో రోజు ఫెన్విక్ గారు వచ్చి మల్లయ్య పక్కన ఇసుకలో గొంతుక్కూర్చున్నారు. నన్ను తెలుగులో చెప్పమన్నారు. "చక్కటి గోడ కట్టేవాళ్ళు ఇక్కడ వందమంది దొరుకుతారని చెప్పు. కూలిపోకుండా, నాలుగు వందల ఏళ్ళు నిలబడి అలసిపోయినట్టు కనిపించే గోడ కట్టగలవాడు మాత్రం ఒక్కడే ఉన్నాడని చెప్పు."

చెప్పాను. మల్లయ్య కాసేపు ఇసుక గీకాడు. "గట్లన్నడా?"

"అలాగే అన్నారు మేస్త్రీ గారూ."

"మల్లొక్కసారి చెప్పు."

మళ్ళీ చెప్పాను. లేచి తాపీ అందుకున్నాడు. ఆ తర్వాత ఎవరు సైటుకు వచ్చినా ముందు ఆ వంకర దగ్గరికే తీసుకుపోయి, "అలసిపోయింది సూడుండ్రి" అని చూపించేవాడు.

డబ్బా మూత మీద ముందుభాగమే ఉంది. డబ్బా పక్కలన్నీ గులాబీ బొమ్మలు. వెనక ఏముందో ఎవరికీ తెలియదు. "వెనక నీ ఇష్టం" అన్నాడు అబూ ఖాలిద్ గారు. ఫెన్విక్ గారు ముందుభాగం రెండు రోజుల్లో ముగించి, వెనకభాగానికి మూడు వారాలు తీసుకున్నారు. వంటిల్లు, అంట్లు తోమే గది, ఎండ తగలని ఉత్తరపు వైపు సరుకుల గది, నౌకర్లు ఎక్కే సన్నటి మెట్లు. కొలతలు పుస్తకం చూడకుండా చెప్పేవారు. కళ్ళు మూసుకుని చేయి గాల్లో పెట్టి, "ఇక్కడ తలుపు గడియ" అనేవారు. బురద బూట్లు విడిచే గది కూడా పెట్టించారు, ఏడాదికి నాలుగు చినుకులు పడే చోట. వంటింటి గోడలో నా నడుము ఎత్తుకు కూడా రాని చోట చిన్న కిటికీ గీయమన్నారు.

"ఇంత కింద ఎందుకు సార్? ఎవరికి కనిపిస్తుంది?"

"ఏడేళ్ళవాడికి. అక్కడ నిలబడితే బల్ల మీద కేకులు చల్లారడం కనిపిస్తుంది."

నేను అంతవరకూ ఆయన్ని జమీందారు బిడ్డ అనుకున్నాను. మా ఆయనతో, ఆస్పత్రిలో నర్సులందరితో అలాగే చెప్పుకుని గొప్పలు పోయాను. "అలాంటి బంగళాలో పుట్టారా సార్?" అని ఆశగా అడిగాను.

"మా అమ్మ అక్కడ వంటమనిషి. పన్నెండేళ్ళు వెనక తలుపులోంచే తిరిగాం."

"మరి ముందు హాలు ఎలా ఉండేది?"

"తెలియదు" అన్నారు, పెన్సిలు చెక్కుతూ. "బాగానే ఉండి ఉంటుంది. మా అమ్మ వంట అక్కడికే వెళ్ళేది."

నర్సులకు ఈ సంగతి చెప్పలేదు. ఆ రోజు ఆయన ఐదో కప్పు టీ నేనే కిందికి వెళ్ళి తెచ్చాను.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను. ఐదు పొగగొట్టాల్లో వంటింటిదొక్కటే నిజమైనది. మిగతా నాలుగింటికీ వానా పావురాలూ దూరకుండా పైన రాతిపలకతో మూయమని ఫెన్విక్ గారు చెప్పారు. "ఈ దేశంలో చలిమంట వేసేవాడెవడు?" ఒకరోజు ఆయన లేనప్పుడు అబూ ఖాలిద్ గారు సైటులో నన్ను పట్టుకుని, "ముహందిసా, హాల్లో పొయ్యి మాత్రం నిజందే ఉండాలి. వెలిగిస్తాను" అన్నాడు. చీటీ మీద రాసుకున్నాను. చీటీ చేతిసంచిలో వేసుకున్నాను. ఆ వారం మా అమ్మాయి కడుపులో పడిందని తెలిసింది. చీటీ సంగతి మరిచేపోయాను.

గృహప్రవేశం తర్వాతి చలికాలం డిసెంబరులో, మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం. హాల్లో నలభై మంది మగవాళ్ళు, పెద్ద పళ్ళేల్లో మాంసం, అన్నం. నన్ను ఆడవాళ్ళ వైపు కూర్చోబెట్టారు. తలుపు సందులోంచి చూస్తున్నాను. అబూ ఖాలిద్ గారు లేచి, లండన్ నొప్పుల గురించి మాట్లాడి, పొయ్యిలో పేర్చిన కట్టెలకు నిప్పు పెట్టాడు. అందరూ ఆహా అన్నారు. అప్పుడు నాకు చీటీ గుర్తొచ్చింది.

పొగ గొట్టంలోకి వెళ్ళింది, పైన పలక చూసుకుని తిరిగి వచ్చింది. ముందు సన్నగా, తర్వాత దుప్పటిలా. ఏసీల కోసం కిటికీలన్నీ బిగించేశారు. ఎవరో పెద్దమనిషి కిటికీ తెరవడానికి పొగలో తడుముకుంటూ ఎడమ రెక్కలోకి వెళ్ళి, పూడ్చేసిన దాన్నే దొరకబుచ్చుకుని, "తెరుచుకోదేం! తెరుచుకోదేం!" అని ఇటుకల్ని గుద్దుతున్నాడు. ముందు గుమ్మం పొగలో కనిపించక, నలభై మందీ దగ్గుకుంటూ వంటింట్లోంచి, అంట్ల గదిలోంచి, బూట్ల గదిలోంచి వెనక పెరట్లో పడ్డారు. కాఫీ పోసే ముసలాయన ఒక్కడే కూజా వదలకుండా బయటికి వచ్చి, అక్కడే పోయడం మొదలుపెట్టాడు.

అబూ ఖాలిద్ గారి తెల్లబట్టలు బూడిద రంగుకు తిరిగాయి. "ఎవరు? ఈ గొట్టం గీసింది ఎవరు?" అని అరిచాడు. ఆయన తలచుకుంటే ఫెన్విక్ గారి ఆఫీసు లైసెన్సు మర్నాటికి ఉండదు. నేను ఆడవాళ్ళ మధ్యలోంచి పెరట్లోకి తోసుకొచ్చాను. నోరు తెరిచేలోపు ఫెన్విక్ గారు ముందుకు వచ్చారు. మొహం మల్లయ్య గోడలా ఎర్రగా ఉంది.

"కాగితం మీద సంతకం నాది. తప్పు నాదే" అన్నారు. క్షమాపణ చెప్పారు. తర్వాత, ఆయనకు అలవాటైన జబ్బు కాబట్టి, చరిత్ర చెప్పారు. అసలు ఆ పాత హాళ్ళకు మొదట్లో పొగగొట్టాలే ఉండేవి కావట. నేల మధ్యలో మంట వేసేవారు. పొగ తన ఇష్టం వచ్చినట్టు పోయేది. వందల ఏళ్ళు దగ్గాకగానీ వాళ్ళకు గొట్టం తట్టలేదు. ఆ హాళ్ళ దూలాలు ఇప్పటికీ నల్లగానే ఉన్నాయట.

అబూ ఖాలిద్ గారు లోపలికి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. బయటికి వచ్చాక కళ్ళు తుడుచుకుంటూ, "పొద్దుటి నుంచి ఇల్లు రంగు వాసన వేస్తోంది. కొత్త ఆస్పత్రిలా ఉందని మనసు పీకుతూనే ఉంది" అన్నాడు. "ఇప్పుడు పాతదిలా ఉంది. పైకప్పు ఎవరూ కడగొద్దు." ఎవరో ముందు నవ్వారు. తర్వాత పెరడంతా నవ్వింది. మిగిలిన భోజనం అక్కడే, అంట్ల గది గుమ్మం ముందు కూర్చుని తిన్నారు.

దుబాయ్‌కి తిరిగి వస్తుంటే కారులో ఏడ్చేశాను. చీటీ తీసి చూపించాను. "మీరెందుకు సార్ మీద వేసుకున్నారు?"

"మీద వేసుకోలేదు. హాల్లో పొయ్యి వెలిగిస్తారా అని ఆయన్ని అడగకుండా సంతకం పెట్టాను, వంటిల్లు గీస్తూ. సంతకం అంటే అన్నీ చూసుకున్నానని అర్థం" అన్నారు. నా చీటీ మడిచి నాకిచ్చి, "నీ తప్పు కూడా ఉంది. రేపు పలక తీయించు. కింద నుంచి చెప్పడం కాదు. పైకెక్కు" అన్నారు.

మూడో నెల కడుపుతో, చీర కొంగు నడుముకు చుట్టి నిచ్చెన ఎక్కాను. మల్లయ్య నా వెనకే ఎక్కుతూ, "మెల్లగ బిడ్డా, మెల్లగ" అంటూనే ఉన్నాడు. ఆ రోజే మొదటిసారి మేడం పోయి బిడ్డనయ్యాను. నాలుగు దెబ్బలతో పలక లేచింది. సముద్రం వైపు నుంచి వీస్తున్న గాలి సర్రున గొట్టంలోకి దిగింది. కింద అబూ ఖాలిద్ గారి అరుపు వినిపించింది. మళ్ళీ ఏమైందోనని పరుగున దిగి వెళితే ఆయన పొయ్యిలో తల పెట్టి కూర్చుని ఉన్నాడు. "చల్లగా వస్తోంది! మా తాత ఇంటి మీద గాలిని పట్టి కిందికి దించే బురుజు ఉండేది. ఇలాగే వచ్చేది" అన్నాడు. తర్వాత వేసవుల్లో ఆయన సాయంత్రాలు ఆ ఇంగ్లీషు పొయ్యి ముందు చాప వేసుకుని గాలికి కూర్చునేవాడని విన్నాను. మంట మళ్ళీ ఎప్పుడూ వేయలేదు.

ఎనభైల మధ్యలో ఫెన్విక్ గారు ఇంగ్లండు వెళ్ళిపోయారు, మేము కాకినాడ వచ్చేశాం. ఆయన రెండు ఉత్తరాలు రాశారు. మూడోది రాలేదు.

నేను ఇక్కడ ఒక కన్‌స్ట్రక్షన్ ఆఫీసులో డ్రాయింగు విభాగం చూసేదాన్ని. రిటైరయ్యే ముందు ఏడాది, నా దగ్గర పనిచేసే సుధారాణి ఒక డాక్టరు గారి ఇంటికి మెట్లు గీసింది. కట్టాక చూస్తే ఆయన రోజూ పైకెళ్ళేటప్పుడు దూలానికి తల కొట్టుకుంటున్నాడు. నుదుటి మీద బొప్పితో ఆఫీసుకు వచ్చి, "ఎవరు గీశారిది?" అని బల్ల గుద్దాడు. సుధారాణి మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను లేచి నిలబడి, సంతకం నాదన్నాను. డాక్టరు గారు అబూ ఖాలిద్ కాదు. నవ్వలేదు. అరగంట నిలబెట్టి తిట్టాడు. నా చదువునూ, వయసునూ, చివరికి నా కళ్ళజోడునూ తిట్టాడు. అన్నీ విన్నాను. మోకాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. ఫెన్విక్ గారి ఎర్రటి మోకాళ్ళు ఆ రోజు వణికాయో లేదో నేను గమనించలేదు.

ఆయన వెళ్ళాక సుధారాణి ఏడుస్తూ వచ్చింది. కుర్చీ జరిపి కూర్చోమన్నాను. మంచినీళ్ళిచ్చాను. తాగాక చెప్పాను: "రేపు పొద్దున ఎనిమిదింటికి ఆ ఇంటికి వెళ్దాం. ఆ మెట్లు ముందు నువ్వు ఎక్కు. వెనక నేనుంటాను."