చెముడా, జెముడా?

ఏలీయా సార్ ముందు పిట్ట పేరెత్తకూడదు. ఎత్తారో, ఆ పేరు ఎందుకొచ్చిందో పూర్తిగా వినేదాకా కదలడానికి లేదు. బైబిల్లో ఏలీయాకు కాకులు రొట్టెలు తెచ్చిపెట్టాయి కాబట్టి, ఆ పేరున్న తాను పక్షులకు రుణపడ్డానని ఆయన వాదన. ఆ రుణం ఆళ్లగడ్డ జనం తీరుస్తున్నారు. ఊళ్లో కోడి అనే మాట పోయి చికెన్ మిగిలింది ఆయన వల్లేనంటారు.

ఒకసారి నంద్యాల బస్సులో పక్క సీటాయన కరెంటు తీగ వైపు చూపించి, "పాలపిట్ట సార్!" అన్నాడు పాపం.

"దానికి పాలు యాడివప్పా? ఎప్పుడన్నా ఆలోచించినావా?" అని సార్ మొదలుపెట్టారు. సిరివెళ్లలో దిగాల్సిన మనిషి నంద్యాలలో దిగాడు. పాలెక్కడివో అప్పటికీ తేలలేదు.

అందరికంటే ఎక్కువ విన్నవాడు బట్టల కొట్టు గురుమూర్తి. రిటైరయ్యాక సార్ రోజూ పదకొండింటికి ఆ కొట్లోనే కుర్చీ వేసుకుని పేపరు చదువుతారు. ఇద్దరికీ ఇరవై ఏళ్లుగా ఒక పిట్ట దగ్గర తగాదా. నల్లటి ఒళ్లు, ఇటుక రంగు రెక్కలతో కంపల్లో తిరుగుతుందే, అది.

"చెముడు కాకి. చెముడంటే చెవుడు. మనిషి దగ్గరికి పోయినా లేయదు, అందుకే ఆ పేరు."

"జెముడు కాకి సార్. జెముడు కంపల్లో ఉంటాది. మా అవ్వ అట్లే అంటాండె."

"మీ అవ్వ ఏ బడిలో సదివింది?"

సార్ ఓడే రకం కాదు. పెండ్లి పత్రికలో అచ్చుతప్పు కనిపిస్తే పెండ్లి ఆపమనే మనిషి. ఊళ్లో సగంమంది ఆయన శిష్యులు. అందరికీ చెముడనే నేర్పారు.

ఆ మధ్య కొట్లో జెస్సీ పనికి చేరింది. చెవి వెనక మిషను పెట్టుకుంటుంది. చీర మడత విప్పి చూపించిందంటే కొనకుండా పోయేవాళ్లు తక్కువ. ఎగతాళి పడలేక అంతకుముందు రెండు కొట్లు మానేసిందని, ఇక్కడైనా నిలవాలనుకుంటోందని గురుమూర్తికి తెలుసు.

ఒక రోజు పంచెల కోసం ఇద్దరు వచ్చారు. బొజ్జలు వచ్చిన వయసు, ఇద్దరూ సార్ శిష్యులే. "ఏ అంచు కావాలన్నా?" అని జెస్సీ రెండోసారి అడిగింది.

"ఏందన్నా, చెముడుకాకిని పెట్టుకుంటివే!" అన్నాడొకడు గురుమూర్తితో. రెండోవాడు నవ్వాడు.

ఆ మాట మాత్రం జెస్సీకి బాగా వినబడింది. పంచె మడతపెట్టి సంచీ తీసుకుంది. "రేపట్నుంచి నేను రానన్నా." గురుమూర్తికి కోపమూ సిగ్గూ కలిసి వచ్చాయి.

పేపరు వెనక నుంచి సార్ లేచారు. "రేయ్, అది చెముడు కాదు, జెముడు. నేనే మీకు తప్పు చెప్పినా."

గురుమూర్తి పడబోయి చీరల అర పట్టుకున్నాడు.

"ముండ్ల జెముడులో బతికే పిట్ట రా అది. ఉత్త కాకి ఆడ కాలు పెట్టలేదు. ఎదురొస్తే మంచి శకునమంటారు జనం. ఆ పేర్లో చెవుడూ లేదు, ఎగతాళీ లేదు. కూచోండి! జెముడని చెరొక వందసార్లు రాయండి."

నిజంగానే అట్టపెట్టెల మీద కూర్చుని రాశారు. అరవై దగ్గర వేళ్లు విరుచుకుంటుంటే జెస్సీకే జాలేసింది. "పోనీలే సార్, ఇంక చాలు," అని సంచీ మేకుకు తగిలించి, పంచెలు మళ్లీ పరిచింది. "ఏ అంచో ఇప్పుడన్నా గట్టిగా చెప్పండన్నా!"

ఆ వారమంతా సార్ అంగడంగడికీ తిరిగి, "నాది తప్పు, గురుమూర్తిది రైటు" అని చెప్పి వచ్చారు. ఆ గెలుపు గురుమూర్తికి మింగుడుపడలేదు. కొట్లో ఎవరూ లేనప్పుడు మెల్లగా అడిగాడు.

"సార్, మనలో మాట. నిజంగా చెముడా, జెముడా?"

సార్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

"ఏందీ? సరిగ్గా ఇనపళ్లేదప్పా!" అని పేపరు తిప్పారు.