చెప్పులు చేతబట్టిన అవ్వ

"అమ్మా, పచ్చళ్లన్నీ బూజు పట్టి దుకాణాలకెల్లి వాపసొచ్చినయ్" అని మొదట కబురు తెచ్చింది యాదయ్య. దొరల గడిలో, ఊరిని ఏలిన ఆ కోటలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన నేను నాచారంలో పెట్టిన పచ్చళ్ల షెడ్డుకు అతను వాచ్‌మన్.

ఉప్పల్‌లో బస్సెక్కి, పక్క సీటులోని ముసలమ్మతో మొరపెట్టుకున్నాను. "పచ్చళ్లన్నీ బూజు పట్టినయ్. మామిడి ముక్కలు సరిగ ఆరలేదని పనోళ్లకు ఎరుకేనట. అందరూ మా ఊరోళ్లే, ఒక్కరన్నా చెప్పలే."

"ఏ ఊరు బిడ్డా?"

ఊరి పేరు చెప్పి, అక్కడి గడి దొరల బిడ్డనన్నాను. ఆమె చెప్పులు విడిచి చేతబట్టుకుని లేచి నిలబడింది.

"కూసో అవ్వా!"

"దొరసాని పక్కన కూసుంటనా? మా అమ్మ గా గడిల వెట్టి జేసింది. గడి ముంగట మేం చెప్పులు చేతబట్టుకునే నడిచేటోళ్లం. మీకు ఎదురు జెప్పే నోరు మాకేడిది?"

నాచారం దాకా ఆ సీటు ఖాళీగానే ఉంది. పనోళ్లు నాకెందుకు చెప్పలేదో అప్పుడు తెలిసింది. ఆ నష్టంతో మూతపడ్డ షెడ్డు మళ్లీ తెరవలేకపోయాను. అయినా అవ్వ నోట ఆ మాట వినిపించినందుకు దేవుడికి రోజూ దండం పెడతాను. మీరూ దీపం పెట్టేటప్పుడు, నిలబడే వెళ్లిన ఆ అవ్వను ఒకసారి తలచుకోండి.