గట్టు దగ్గర ఆగిపోయిన రాళ్ళు: కంభం నుంచి గిద్దలూరు దారిలో ఒక పూట

కొమరోలులో నా మిత్రుడొకడు ఇంటి ముందరి రేకుల షెడ్డులో చిన్న పఠనశాల పెట్టాడు. తెరిచే రోజు రమ్మని కబురు చేశాడు. నా దగ్గర పోగుపడిన కరపత్రాలన్నీ (బోరు నీళ్ళ మీద, కూలి రేట్ల మీద, రోడ్డు భద్రత మీద, ఇంకా ఏవేవో) ఒక సంచికెత్తుకుని మార్కాపురం నుంచి బయలుదేరాను. ఎలాగూ వెళ్తున్నాను కదా, దారిలో కంభం చెరువు చూసుకుని పోదామనుకున్నాను. మీరూ ఆ దారిన పోవాలనుకుంటుంటే ఈ రాత మీకు పనికొస్తుంది. చెరువు సంగతులు తక్కువే ఉంటాయి, ముందే చెప్తున్నాను. కోపం ఎక్కువగా ఉంటుంది.

మార్కాపురం బస్టాండులో పొద్దున్నే కంభం బస్సులు బాగానే దొరుకుతాయి. గంటకు కాస్త అటూ ఇటూగా దింపుతాయి, టికెట్టు వంద లోపే. చెరువు ఊరికి కొంచెం దూరం. పోయి రావడానికి ఆటోవాళ్ళు మూడు వందలంటారు, రెండు వందలకు దిగుతారు. రెండు కొండల నడుమ కట్టిన కట్ట మీద నిలబడితే, కొండల దాకా నీళ్ళే. పొద్దున పూటే వెళ్ళండి, ఎండెక్కితే కట్ట మీద నిలువనీడ ఉండదు. తిరిగొచ్చి బస్టాండు దగ్గర ఒక పాక హోటల్లో దోసె తిన్నాను. పల్లీ చట్నీ రెండోసారి అడిగితే, పెనం దగ్గరున్నామె "దోసె చట్నీకి నంజుకుంటాండావా ఏంది నాయనా?" అంది. అడిగినంత వేసింది కూడా. ఆ పూట నాకు కోపం రాని చివరి ఘడియ అదే.

గిద్దలూరు బస్సుకు ఇంకా టైముందని సర్వీసు ఆటో ఎక్కాను. మనిషికి యాభై. డ్రైవరు పేరు దావీదు, నా ఈడువాడే, హుషారైనవాడు. ఊరు దాటి కొంత దూరం పోయాక ఎడమకు తిరిగే గుడ్డి మలుపొకటి వచ్చింది. పక్కన కంది చేను గుబురుగా పెరిగి ఉండటంతో, తిరిగేదాకా అవతల ఏముందో కనబడదు. మేము తిరిగామో లేదో, ఎదురుగా కూరగాయల వ్యాను ఒకటి సగం కాలవలో, సగం తారు మీద ఒరిగి ఉంది. దావీదు బ్రేకు తొక్కిన తీరుకు నా సంచి ఎగిరి ముందు సీటులో పడింది.

వ్యాను డ్రైవరు క్యాబిన్‌లో ఇరుక్కుపోయాడు. కాలు స్టీరింగు కింద నలిగింది. అప్పటికే గిద్దలూరు వైపు నుంచి అంబులెన్సు వచ్చి వ్యానుకు అవతల ఆగి ఉంది. అందులో వచ్చిన ఇద్దరిలో ఒకతను లోపలికి దూరి ఆ మనిషి తల కదలకుండా పట్టుకున్నాడు. రెండో ఆమె, ముప్పయ్యేళ్ళుంటాయేమో, రోడ్డు వైపు తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కాలికి కట్టు కడుతోంది. అవతలి తలుపు కాలవ గోడకు అతుక్కుపోయింది కాబట్టి ఆమెకు వేరే దారి లేదు. ఆమె వీపు సరిగ్గా మలుపు వైపుంది. గిద్దలూరు వైపు రోడ్డు తిన్నగా ఉంటుంది, అటు నుంచి వచ్చేవాళ్ళు దూరం నుంచే చూసి నెమ్మదిస్తున్నారు. భయమంతా మేము వచ్చిన వైపే.

ఇక జనం సంగతి. పదిహేను మంది బైకులు తారు మీదే ఆపి ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. మా దావీదు కూడా ఆటోని సరిగ్గా వ్యానుకు ఎదురుగా ఆపి దిగాడు. మిగిలిన రోడ్డు ఒక్క లారీకి సరిపోయేంతే.

"ఆటో పక్కకు తియ్యి దావీదూ!"

"ఒక్క నిమిషమన్నా, మనిషి బతికినాడో లేడో సూడనీ."

"నువ్వు చూస్తే బతుకుతాడా?" అని అరిచాను. మూతి ముడుచుకుని తీశాడు.

వ్యాను చుట్టూ, నాలుగడుగుల దూరంలో, సున్నం కొట్టిన పెద్ద పెద్ద రాళ్ళు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి పక్కన తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఒకాయన దర్జాగా నిలబడి ఉన్నాడు. రోడ్డు పక్క చేను ఆయనదేనట. అందరూ పెద్దరెడ్డి అంటున్నారు.

"ఈ మలుపులో ఏ బండి పడినా రాళ్ళు నావే అబ్బాయ్," అన్నాడు నాతో. "చేని గెనెం గట్టు మీద ఎప్పుడూ రెడీగా పెట్టుకోనుంటా. సున్నం కూడా నేనే కొట్టినా, కనపడాలని."

మంచి మనిషే. అందుకే ఇంకా మండింది. "పెద్దాయనా, రాళ్ళు బండి పక్కనే పెడితే మలుపు తిరిగేవాడికి రాయీ బండీ ఒకేసారి కనబడతాయి. మలుపుకు అవతల ఏదైనా గుర్తు ఉండాలి. కనీసం ఒక మనిషైనా నిలబడాలి."

"అవతల కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"నా చేను ఆ గట్టు కాడికి అయిపాయ. ఆ పక్కది మా చిన్నోనిది."

"రోడ్డు మీ తమ్ముడిదా? ప్రభుత్వానిది కాదా?"

"రోడ్డు గవర్మెంటుదే. రాయి నాది గదా! వాని చేని ముందర నా రాయి ఉంటే, దాన్ని ఎవుడన్నా గుద్దుకుంటే, పెద్దోడు కావాలనే పెట్టినాడు అంటాడు. కోర్టులో ఉండాము మేము. నేను పోయి ఆడ నిలబడినా, గట్టు కొలిచేకి వచ్చినాడంటాడు."

నేను చదివిన రోడ్డు భద్రత కరపత్రంలో వేగం గురించి ఉంది, దూరం గురించి ఉంది, త్రికోణం బోర్డు గురించి ఉంది. దాయాదుల గట్టు గురించి ఒక్క ముక్క లేదు.

నేను నోరు తెరిచేలోపే మలుపులోంచి బొలేరో ఒకటి దూసుకొచ్చింది. జనాన్ని చూసి డ్రైవరు ఒక్కసారిగా స్టీరింగు కోశాడు. టైర్లు కీచుమన్నాయి. అద్దం ఆమె జడకు జానెడు దూరంలో పోయింది. ఆమె లేవలేదు, లేస్తే కట్టు వదలాలి. అక్కడి నుంచే అరిచింది:

"వీడియోలు తీసే చేతులు ఖాళీవే గదా! ఎవరన్నా పోయి మలుపు అవతల బండ్లు ఆపండి! నేను వీపు ఇటు పెట్టి పని చేస్తాండా, కనపడతల్యా?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను పరుగెత్తాను.

మలుపు అవతల నిలబడి చేతులూపితే ఏమవుతుందనుకున్నారు? మొదటి బైకువాడు లిఫ్టు అడుగుతున్నాననుకుని, ఖాళీ లేదన్నట్టు వెనక కూర్చున్నామెను చూపించి పోయాడు. వాడి వెనకొచ్చిన కారువాడు హారన్ కొట్టాడు. ఒళ్ళు మండి రోడ్డు మధ్యకు పోబోతుంటే కంది చేలోంచి కేక వినబడింది.

"ఏయ్! ఎవురు నువ్వు? మా చేని ముందర ఏంది గంతులు? పెద్దోడు పంపినాడా?"

చిన్నరెడ్డి. అన్న మొహమే, తలపాగా లేదంతే. భుజాన ఎర్ర తువాలు.

"నన్నెవరూ పంపలేదు! అక్కడ మనిషి ఇరుక్కుపోయాడు. ఒకామె రోడ్డు మీద కూర్చుని కట్టు కడుతోంది. ఇటు నుంచి లారీ వచ్చిందంటే ఆమె ఉండదు."

"అంబులెన్సు సద్దు ఇన్నాలే. పెద్దోడు ఆడ ఉంటాడని నేను పోలే."

ఇద్దరూ ఇద్దరే! ఇంతలో నిజంగానే సిమెంటు లారీ ఒకటి వస్తూ కనబడింది. చిన్నరెడ్డి ఇంకో మాట మాట్లాడలేదు. ఒక్క ఉదుటున కాలవ దాటి తువాలు విప్పి ఊపాడు. ఆ ఎరుపు చూసి లారీ దూరం నుంచే నెమ్మదించి ఆగింది.

"మధ్యలో వద్దు, పక్కన మట్టి మీద నిలబడండి," అన్నాను.

"నా చేని ముందర ఎట్ల నిలబడాల్నో నాకు చెప్పొద్దు," అన్నాడు. కానీ మట్టి మీదికి జరిగాడు. "ఇంకోటి. నాకై నేనే వచ్చినానని పో, చెప్పు వానికి. వాడు పిలిస్తే రాలేదని చెప్పు."

చెప్పాను. పెద్దరెడ్డి "ఊఁ" అన్నాడు. అంతే.

ఆ తర్వాత బండ్లు ఒక్కొక్కటే మెల్లగా వచ్చాయి. ఆమె భుజాలు కాస్త దిగడం నేను చూశాను. దావీదు ఇచ్చిన ఇనుప రాడ్డుతో సీటు వంచి, మనిషిని బయటికి తీసి, స్ట్రెచర్ మీద పెట్టారు. తెలివిలోనే ఉన్నాడు. "కాలు నిలబడొచ్చు," అంది ఆమె తలుపు వేస్తూ. అంబులెన్సు పోయింది, దాని వెనకే బైకులన్నీ పోయాయి. క్రేను వచ్చి వ్యానును కాలవలోంచి లాక్కెళ్ళింది. రాళ్ళు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి. పెద్దరెడ్డి ఒక్కడే వంగి ఒక్కోటి దొర్లిస్తున్నాడు.

చాలాసేపటికి ఆ వైపు నుంచి ఒక్క బండీ రావడం లేదని గమనించాను. క్రేను పనికని బండ్లన్నీ ఆపేసిన చిన్నరెడ్డికి, ఆ పని అయిపోయిందని ఎవరూ చెప్పలేదు. ఆయన ఇంకా ఆపుతూనే ఉన్నాడు!

"పెద్దాయనా, ఒక్క కేకెయ్యండి, అయిపోయిందని."

"నేనా?" అని మొహం తిప్పుకుని ఇంకో రాయి మీదికి వంగాడు.

మళ్ళీ నేనే పోయాను. చిన్నరెడ్డి వెనక బస్సులు, లారీలు బారులు తీరి ఉన్నాయి. తిట్లు తింటూ నిలబడి ఉన్నాడు.

"బతికినాడా?"

"బతికాడు. కాలు కూడా నిలబడొచ్చట."

తువాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "పెద్దోడు ఏం చేస్తాండాడు?"

"రాళ్ళు తీస్తున్నాడు, ఒక్కడే."

"ఒక్కడేనా? నడుము పట్టేసి మొన్నటిదాకా మంచం మీదుండె." గట్టు వైపు చూశాడు. అడుగు మాత్రం వెయ్యలేదు. "నువ్వు పో. నోరేసుకోని తిరగకపోతే, పోయి నాలుగు మోయి."

నేనూ దావీదూ కలిసి మోశాం. గిద్దలూరు చేరేసరికి కొమరోలు బస్సు పోయింది, తర్వాతి దానికి గంటన్నర కూర్చున్నాను. ప్రారంభం అయిపోయాక పఠనశాలకు చేరాను.

ఆ రోజంతా నాకు కోపం తగ్గలేదు. ఇప్పటికీ తగ్గలేదు. ఆ అన్నదమ్ములు చెడ్డవాళ్ళైతే ఒక తిట్టు తిట్టి మరిచిపోయేవాణ్ణి. ఇద్దరూ మంచివాళ్ళే, చెరొక చేనులో. ఎవరి కాలో కాపాడటానికి వచ్చిన ఆమె, ఆ రెండు మంచితనాల మధ్య సందులో వీపు పెట్టి కూర్చోవాల్సి వచ్చింది. మీరు ఆ దారిన పోతూ ప్రమాదం చూస్తే ఒక్కటే చెయ్యండి: మీ బండిని అక్కడ ఆపకుండా దాటించి తారు దిగి ఆపండి, వెనక్కి నడిచి మలుపుకు చాలా ముందే మట్టి మీద నిలబడి ముదురు రంగు గుడ్డ ఊపండి, అయిపోయిందని ఎవరైనా వచ్చి చెప్పేదాకా కదలకండి. అక్కడి చేను ఎవరిదని మాత్రం అడగొద్దు.