కిటికీ పక్క సీటు మొక్క

వాచ్‌మన్లు ఆమెని మొక్కలమ్మ అనేవారు. ఆఫీసులకి పూలకుండీలు అద్దెకిచ్చి, వాటి ఆలనాపాలనా చూడడం ఆమె వ్యాపారం. వ్యాపారమంటే మరీ పెద్ద మాట లెండి. ఒక ట్రాలీ ఆటో, దాన్ని నడిపే మొగుడు, ఒక నీళ్ళ డబ్బా, ఒక మెత్తటి గుడ్డ, అంతే. పదకొండేళ్ళుగా తెల్లారగానే లోపలికెళ్ళి, ఉద్యోగులు వచ్చేలోపు బయటపడేది. అందుకే వాళ్ళలో ఒక్కరి మొహమూ ఆమెకి తెలీదు. తెలిసిందల్లా వాళ్ళ కుండీలే. అన్నిట్లోకీ పెద్ద ఆఫీసులో మూడో వరసవాడు మిగిలిన టీ అంతా మొక్కకి తాగిస్తాడు. మూలగది పెద్దాయన పెన్సిలు చెక్కిన పొట్టు గులకరాళ్ళ కింద దాస్తాడు. కిటికీ పక్క సీటావిడ మాత్రం బంగారుతల్లి, కుండీలో కాగితం ముక్క కూడా వెయ్యదు. చూడకుండానే ఆవిడంటే మొక్కలమ్మకి వల్లమాలిన అభిమానం.

తర్వాత అందరూ ఇళ్ళ నుంచే పని చెయ్యడం మొదలుపెట్టారు. ఖాళీ అయిన ఆ పెద్ద ఆఫీసులో ఆమె ఒక్కతే తిరిగేది. అద్దాల్లోంచి జారిన ఎండ కుర్చీల్లో కునుకు తీసేది. తీగలు కీబోర్డుల మీదికి మెల్లమెల్లగా పాకాయి. టీ పోసేవాడు లేక మూడో వరస మొక్క మూడింతలైంది, పాపం. ఆ పచ్చటి నిశ్శబ్దంలో నడుస్తుంటే నీళ్ళ అడుగున నడుస్తున్నట్టుండేది. ఒక్కోసారి డబ్బా ఒళ్ళో పెట్టుకుని కిటికీ సీటులో కూర్చుని, వచ్చిన పనే మర్చిపోయేది. నన్నడిగితే ఆ ఆఫీసు అంత అందంగా ఎన్నడూ లేదు.

కానీ అందం చూసుకుని ఏ కంపెనీ బతుకుతుంది? బేరాలు పడిపోయి అద్దెకున్న ఆ అంతస్తు వదిలేశారు. మిగతా ఆఫీసులు అప్పటికే చేతులెత్తేశాయి. కుండీలన్నీ ఆమె ఇంటికి చేరాయి. డాబా నిండింది, మెట్లు నిండాయి, మంచం చుట్టూ ఆకులే. పొద్దున్న కళ్ళు తెరిస్తే తను ఎక్కడుందో తెలిసేది కాదు.

"నర్సరీవాడికి టోకున ఇచ్చేద్దామే," అన్నాడు మొగుడు, మెట్ల మీద కాలు మోపే చోటు వెతుక్కుంటూ. "ఈ పనికి ఇంక నీళ్ళొదిలెయ్."

"నీళ్ళు పొయ్యడమే గానీ వదలడం నాకు రాదు," అందామె.

ఎవరి కుండీ వాళ్ళింట్లో పెట్టి, రెండ్రోజులకోసారి వెళ్ళి చూసుకుంటే? ఆఫీసు మేనేజరు చేత అందరికీ కబురు పంపించింది. రమ్మన్నది ఒక్కరే, కిటికీ సీటావిడ. ఆవిడ కూడా కాదంటే ఇక నర్సరీవాడే గతి.

తలుపు తీసిన మనిషి నలభై ఏళ్ళది, చెవుల్లో ఇంకా హెడ్‌ఫోన్లున్నాయి. "అయ్యో, మోసుకొచ్చారా! అక్కడ పెట్టండి. వీడియో కాల్లో వెనకాల గోడ మరీ బోసిగా కనిపిస్తోంది."

"రెండ్రోజులకోసారి వచ్చి నీళ్ళు పోస్తానమ్మా."

ఆవిడ నవ్వింది. "ప్లాస్టిక్ మొక్కకి నీళ్ళెందుకండీ?"

మొక్కలమ్మ కుండీలో గులకరాళ్ళు పక్కకి జరిపి తడిమట్టి చూపించింది.

"ప్లాస్టిక్ కాదా?" ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "ఇన్నేళ్ళలో ఒక్క ఆకు పండలేదు, ఒక్కసారి వాడలేదు, దుమ్ము కూడా పట్టలేదు. అందుకే ఎప్పుడూ పట్టించుకోలేదు."

పండబోయే ఆకుని ముందే తుంచి, ఉన్న ఆకులన్నీ గుడ్డతో తుడిచిన మనిషికి ఆ మాట ఎలా ఉంటుంది? ఒళ్ళు మండింది. అంతలోనే ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

"ఒక వారం నేను రాను," అంది నెమ్మదిగా. "మీరూ నీళ్ళు పొయ్యకండి. తర్వాత మీకెలా తోస్తే అలా చెయ్యండి."

అనడమైతే అంది గానీ, ఇంటికొచ్చాక కాలు నిలవలేదు. కన్నబిడ్డని పస్తు పెట్టినట్టుంది. మూడోరోజు ముద్ద దిగలేదు. నాలుగోరోజు మధ్యాహ్నం కునుకులో ఆ మొక్క మెట్లెక్కి వచ్చి, ఏమీ అడగకుండా గుమ్మంలో నిలబడింది. "నర్సరీవాడికి ఫోన్ చెయ్, అన్నీ ఇచ్చేద్దాం," అంది మొగుడితో, లేచి కూర్చుని. ఎందుకో ఆయన చెయ్యలేదు.

ఐదోరోజు ఆమె ఫోనే మోగింది.

"అమ్మా, ఆకులన్నీ కిందికి వాలిపోయాయి. పొద్దుట్నుంచి దాని పక్కనే కూర్చున్నాను, నాకేం పాలుపోవడం లేదు. ఒక్కసారి రారూ?"

పదకొండేళ్ళలో ఆమెని రమ్మని బతిమాలిన మొదటి మనిషి. మొగుడు ఆటో తాళాలు వెతికేలోపే డబ్బా నింపుకుని వీధిలోకి వచ్చేసింది. "కంగారు పడకండమ్మా, అది చచ్చిపోదు," అంటోంది ఫోన్లో, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "నేను వస్తున్నాగా."