హోమ్ ప్లేట్ ముందు అడ్డం పెట్టిన కాలు

మా టౌన్‌షిప్ మైదానంలో సున్నం గీతలు ఎక్కువసేపు తెల్లగా ఉండేవి కావు. కొండ మీద ఇనుప ఖనిజం తవ్వే రోజులవి. ఆరేసిన బట్టలూ, గేదెల వీపులూ, మా జుట్టూ అన్నీ ఎర్రగానే ఉండేవి. గని పని కోసం మా నాన్న ఆంధ్ర నుంచి ఆ హిందీ మాట్లాడే ఊరికి వచ్చాడు. నేను అక్కడే పుట్టి, అక్కడి బడిలోనే ఆటల టీచరునయ్యాను. బేస్‌బాల్ అంపైరింగ్ నేర్చుకున్న ఆడవాళ్లు చుట్టుపక్కల లేకపోవడంతో ఆడపిల్లల పోటీలకు నన్నే నిలబెట్టేవారు.

ఆ ఏడాది ఫైనల్లో మా బడి జట్టుకు ఎదురుగా తెలుగు సరిహద్దుకు దగ్గరి దోర్నపాల్ వైపు నుంచి ఒక హాస్టల్ జట్టు వచ్చింది. మా జట్టు కోచ్ నాతో పాటే బడిలో పనిచేసేవాడు. పొద్దున్నే వచ్చి, హాస్టల్ పిల్లలు పరుగెత్తి బేస్ మీదికి జారేటప్పుడు కావాలని తంతారనీ, కాస్త కనిపెట్టి ఉండమనీ హిందీలో చెప్పాడు. పోయి, మళ్లీ వెనక్కి వచ్చి అదే మాట చెప్పాడు. ఒకసారి చెప్పి ఊరుకుంటే నమ్మేదాన్నేమో.

అయినా ఆ మాట నా బుర్రలో పనిచేసింది. ఆటకు ముందు హాస్టల్ పిల్లల బూట్లు తిప్పి చూశాను. అడుగున మేకుల్లేని, అరిగిపోయిన కాన్వాస్ బూట్లు. వాటితో ఎవరినీ గీరే వీలు లేదు. వాళ్ల కోచ్ పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"మా పిల్లలయే చూస్తున్నరేంది మేడం? వాళ్లయి చూడరా?" అన్నాడు నెమ్మదిగా.

న్యాయమైన మాటే. వెళ్లి మా జట్టు బూట్లూ చూశాను. కానీ అప్పటిదాకా హిందీలో మాట్లాడిన మనిషి ఆ ఒక్క మాట తెలుగులో ఎందుకన్నాడు? షామియానా కింద కూర్చున్న తల్లిదండ్రులు మా వైపే చూస్తున్నారు. భాష చూపించి నన్ను తన వైపు లాగుతున్నాడేమోనని ఆయన మీదా అనుమానం పుట్టింది.

ఆఖరి ఇన్నింగ్స్‌కు రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. హాస్టల్ జట్టులో ఒక బక్కపలచని పిల్ల మూడో బేస్ మీద ఉంది. నేల మీది హోమ్ ప్లేట్ పలక తాకితే పరుగు పూర్తయి గెలుపు వాళ్లదే. బ్యాటర్ కొట్టిన బంతి కుడివైపు వెళ్లింది. ఆ పిల్ల పరుగందుకుంది. ప్లేట్ వెనక బంతి అందుకునే మా క్యాచర్, గని మెకానిక్ కూతురు, ప్లేట్ ముందుకు వచ్చి పరుగు గీతకు అడ్డంగా ఎడమ కాలు చాపింది. బంతి ఇంకా రాలేదు. వచ్చే పిల్ల కాళ్లు ముందుకు చాపి జారింది. పాదం క్యాచర్ పిక్కకు తగిలి, ప్లేట్‌కు జానెడు దూరంలో ఆగిపోయింది. అప్పుడొచ్చింది బంతి. క్యాచర్ అందుకుని ఆమె భుజానికి తాకించింది.

దుమ్ములో ఇద్దరూ పడి ఉన్నారు. షామియానా కింద అందరికీ కనిపించింది ఔటే.

నేను చూడవలసినవి రెండు. జారిన పిల్ల గీత వదిలి మనిషి మీదికి వెళ్లిందా? నేల మీద జారిన జాడ తిన్నగా ప్లేట్ వైపే ఉంది. బంతిని అందుకోవడానికే క్యాచర్ అక్కడికి రావలసి వచ్చిందా? బంతి వచ్చింది అవతలి వైపు నుంచి. ఆమె ఆ గీత మీదికి రానక్కర్లేదు. బంతి చేతిలో లేకుండా దారి మూయకూడదు. చేతులు రెండు పక్కలకూ చాచి సేఫ్ అన్నాను. హాస్టల్ జట్టు గెలిచింది.

మా కోచ్ పరుగెత్తుకొచ్చాడు. బంతి దగ్గరికి వచ్చేసిందనీ, పిల్ల దానికోసమే కదిలిందనీ వాదించాడు. వెనకటి రోజుల్లో అలాగే నేర్పేవారు. నియమం మారిందనీ, జగదల్‌పూర్ శిక్షణలో మాకు చెప్పారనీ అన్నాను. ఆ శిక్షణకు వెళ్లింది నేనొక్కదాన్నే కదా అన్నాడాయన. అనుమానం పుట్టడానికి ఆ మాట చాలు. షామియానా లోంచి ఒకాయన లేచి, ఆటకు ముందు హాస్టల్ కోచ్ తెలుగులో ఏం చెప్పాడని అడిగాడు. బూట్ల సంగతి చెప్పాను. ఆయన నవ్వాడు, నమ్మలేదు.

క్యాచర్ పిక్క కమిలింది. మంచుగడ్డ పెడుతూ అలా నిలబడమని ఎవరు చెప్పారని అడిగాను. ఆ పిల్ల మా కోచ్ వైపు చూసింది.

"ఎవరూ చెప్పలేదండీ," అంది.

తరవాత మా టౌన్‌షిప్ పోటీలకు నన్ను పిలవలేదు. ఎవరూ వద్దని కూడా అనలేదు. స్టాఫ్‌రూమ్‌లోకి నేను వెళ్లేసరికి మాటలు ఆగిపోయేవి. నా గురించేనని నాకు అనిపించేది. కాకపోయి ఉండొచ్చు కూడా.

కొన్నాళ్లకు జిల్లా జట్టుకు ఆ ఇద్దరు పిల్లలూ ఎంపికయ్యారు. ఆడ టీచరు తోడు ఉండాలి కాబట్టి శిబిరానికి నన్ను పంపారు. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు తినేవారు కాదు. నేను ప్లేట్ ముందు సున్నంతో గీత గీసి, క్యాచర్‌ను ఒక అడుగు పక్కకు నిలబెట్టాను. బంతి చేతికి వచ్చాకే మోకాలు దించమన్నాను. మూడో బేస్ దగ్గర హాస్టల్ పిల్ల కదల్లేదు.

"బంతి రాకముందే మళ్ల కాలు పెడితే ఏం జెయ్యాలె మేడం?"

"నువ్వు గీత వదలకుండా జారు. మిగతాది అంపైర్ చూసుకుంటారు."

"చూసే అంపైర్ ఉంటే గద," అంది.

ప్లేట్ వెనక్కి వెళ్లి నిలబడి, రమ్మని చెయ్యూపాను. మొదట సగం వేగంతో వచ్చింది. క్యాచర్ దారి వదిలింది. తరవాత కాస్త నమ్మి వచ్చింది. చివరికి నిజంగానే దూకి జారింది. ఈసారి బంతి ముందే వచ్చింది, క్యాచర్ మోకాలు దించి తాకించింది. హాస్టల్ పిల్ల దుమ్ము దులుపుకుని, "ఇప్పుడు ఔటే," అంది తనే. క్యాచర్ చెయ్యి చాపితే పట్టుకుని లేచింది.

తిరిగి వచ్చాక మా కోచ్ స్టాఫ్‌రూమ్‌లో నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. మా క్యాచర్ పిల్ల బాగా ఆడుతోందా అని అడిగి, తన గురించి ఏమైనా చెప్పిందా అన్నాడు. లేదన్నాను. అది నిజం. శిబిరంలో నేను ఆ పిల్లను ఏమీ అడగలేదు. ఆయన నమ్మనట్టు నా ముఖంలోకి చూసి, టీ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు.